నేను తర్జుమా చేయని మాట

మా బడికి పాలపొడి డ్రమ్ములు వచ్చిన రోజు నేను సంతోషించాను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. ఇక్కడి నుంచి నేను రాసేదంతా కోపంతో రాస్తున్నదే. ఆ కోపంలో సగానికి పైగా నా మీద నాకున్నదే.

పందొమ్మిది వందల అరవై దాటిన తొలి ఏళ్లవి. నిజామాబాద్‌లో మెట్రిక్ పాసై, ట్రైనింగ్ పూర్తి చేసి, బోధన్ నుంచి రుద్రూర్ పోయే దారిలోని ఒక ఊరికి పంతులమ్మగా వచ్చాను. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. మా బాపు నిజామాబాద్‌లో దర్జీ. మా వంశంలో నెల జీతం ఇంటికి తెచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ జీతం ఎవరి చిరాకు వల్ల ఆగిపోతుందోనన్న భయం పొద్దున బడి తాళం తీసేటప్పుడు మొదలై, సాయంత్రం వేసేదాకా ఉండేది.

ఆ ఊరిని కాలువ రెండుగా చీల్చింది. కాలువ కింద చెరుకు. దాన్ని ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన రైతులు వేసేవాళ్లు. కాలువ పైన చెలకలు. అక్కడికి నీళ్లు ఎక్కవు. వాన పడితే పచ్చజొన్న, కంది, నువ్వులు. బడి ఆ పైభాగంలో ఉండేది. మా పిల్లల్లో చాలామంది చెలక రైతుల పిల్లలే.

పాలపొడి అమెరికా నుంచి వచ్చింది. పెద్ద అట్ట డ్రమ్ములు, వాటి మీద కలిసిన రెండు చేతుల బొమ్మ. వేడినీళ్లలో కలిపి, గంటెతో తిప్పి, వరుసలో కూర్చున్న పిల్లలకు పోయాలి. మొదటి వారం సగం మందికి కడుపులు పాడైనాయి. వాళ్లకు మజ్జిగ అలవాటు, ఆ వాసన అలవాటు లేదు. పాలపొడి వెనకే పసుపుపచ్చటి మక్కజొన్న రవ్వ, నూనె డబ్బాలు వచ్చాయి. దాంతో ఉప్మా వండాలన్నారు. పిల్లలు తింటుంటే చూసి నా కడుపు నిండేది. ఎవరో ఎక్కడో సముద్రాల అవతల కూర్చొని మా పిల్లల గురించి ఆలోచిస్తున్నారని అనుకున్నాను. ఆరు నెలల్లో పిల్లలు ఇంటి నుంచి మధ్యాహ్నానికి జొన్నరొట్టె మూట తెచ్చుకోవడం మానేశారు. అది కూడా మంచికే అనుకున్నాను.

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. చెలకల్లో జొన్న ఆరడుగులు పెరిగింది. సరిగ్గా ఆ ఏడే రేషన్ ఇచ్చే కంట్రోల్ దుకాణంలో అమెరికా గోధుమలు, ఎర్రజొన్నలు చాలా తక్కువ ధరకు, అగ్గువకు ఇవ్వడం మొదలైంది. ఊళ్లో అందరూ మురిసిపోయారు. కూలివాళ్లకైతే నిజంగానే మేలు జరిగింది, అది కాదనను.

సంక్రాంతి దాటిన తర్వాత ఒక మధ్యాహ్నం, రెండో తరగతి చదివే ఒక పిల్ల తండ్రి బడికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి, మాట కూడా అలాగే. బయట అతని బండి నిలబడి ఉంది, దాని నిండా జొన్న సంచులు. నిజామాబాద్‌లో ధాన్యం అమ్మే గంజ్‌కు తీసుకుపోయి, మూడు రోజులు అక్కడే పడుకొని, సంచి కూడా దించకుండా వెనక్కి తెచ్చాడు.

“గంజ్‌ల ఎవ్వడు అడుగుతలేడు పంతులమ్మా” అన్నాడు. “అడ్తి సేటు సంచిల చెయ్యి గూడ పెట్టలే. కంట్రోల్‌ల గంత అగ్గువకు దొర్కుతుంటే నీ జొన్నలు ఎవలు తింటరు, తీస్కపో అన్నడు.”

అయ్యో అన్నాను.

“అయ్యో అనుటానికి రాలే. ఒక మాట అడుగుదమని వచ్చిన. మీరు దినాం పిల్లలకు ఉప్మా వండుతరు గదా. గా రవ్వ బదులు నా జొన్నలు తీస్కోరాదు? విసిరి గటక వండుండ్రి. మనూరి పిల్లలు మనూరి జొన్నలు తింటరు. సర్కారు ఎంతిస్తె గంత తీస్కుంట.”

ఇంత తేలికైన మాట నాకెందుకు తట్టలేదా అనిపించింది. మా పెద్దసారును, అంటే హెడ్మాస్టరును అడిగాను. ఆయన బోధన్‌లో తరాలుగా ఉంటున్న ముస్లిం కుటుంబం మనిషి. ఉర్దూ మీడియంలో చదివారు, ఇంగ్లీషు రాదు, తెలుగు చక్కగా మాట్లాడేవారు. ఆయన గడ్డం నిమురుకుంటూ, “బేటీ, బయటి నుంచి వచ్చింది పంచనీకె మనకు హుకుం ఉన్నది. ఇక్కడిది కొననీకె హుకుం లేదు” అన్నారు. అయినా పంచాయతీ సమితి ఆఫీసుకు ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. ఆ జొన్నలు అతని ఇంట్లో గింజలు దాచే గుమ్మిలోకి చేరాయి. గుమ్మి నిండాక మిగిలినవి దూలం కింద సంచుల్లోనే ఉండిపోయాయి.

మార్చిలో సమితి నుంచి ఒక అధికారి జీపులో వచ్చాడు. అమెరికా నుంచి ఒక పెద్దమనిషి మా బడిలో పిల్లల భోజనం చూడటానికి వస్తున్నాడని, ఫొటోలు తీస్తాడని చెప్పాడు.

“టీచరుగారూ, మీకు ఇంగ్లీషు వచ్చుగా. మీరే మాట్లాడండి, ఆడవాళ్లు మాట్లాడితే బాగుంటుంది. పిల్లల్లో బాగా చిక్కిపోయినవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఎవరైనా ఏమైనా అడిగితే కృతజ్ఞతలు చెబుతున్నారనండి. అంతకంటే వద్దు.”

ముందు వరుసకు నేను ఎంచిన పిల్లల్లో ఆ జొన్న రైతు బిడ్డ కూడా ఉంది. ఆ పిల్లకు ఆ మధ్యే తట్టు పోసి తగ్గింది. జుట్టు రాలి, మెడ ఎముకలు పైకి తేలి ఉన్నాయి. ఆకలితో అలా లేదని నాకు తెలుసు. తెలిసే ఎంచాను.

ముందురోజు పెద్దసారుకు ఇంకో బెంగ పట్టుకుంది. వచ్చేవాళ్లకు చాయ్ ఇవ్వాలి, చక్కెర లేదు. ఊరి చుట్టూ చెరుకు. బోధన్ చక్కెర కార్ఖానా పొగ మా బడి ముందు నుంచి కనబడేది. గాలి ఇటు తిరిగితే చెరుకు మడ్డి వాసన తరగతిలోకి వచ్చేది. అయినా మా ఊళ్లో చక్కెర దొరకదు. కంట్రోల్‌లో మనిషికి ఇంతని ఇచ్చేది పండుగకే సరిపోదు. మన చక్కెర ఓడలెక్కి బయటి దేశాలకు పోతోందని, అక్కడ ఇక్కడికంటే తక్కువ ధరకు అమ్ముతున్నారని, వాళ్ల డబ్బు మన దేశానికి అవసరమని రేడియో వినే పెద్దసారు చెప్పేవారు. బెల్లం చాయ్ ఇద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. మెహమాన్ ముందు ఊరి పరువు పోతుందన్నారు.

యాభై దాటబోతున్న ఆ మనిషి ఎండలో ఇల్లిల్లూ తిరిగారు. చివరికి కాలువ కింద ఒక చెరుకు రైతు భార్య, బాలింత కూతురి కోసం దాచుకున్న చక్కెరలోంచి ఒక గ్లాసుడు ఇచ్చింది. “మా చేలో చెరుకేనండి మేస్టారూ, మాకే దొరకట్లేదు” అందట. ఆ గ్లాసును ఆయన రెండు చేతులతో పట్టుకొని బడికి తేవడం నేను చూశాను. అప్పుడు నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. చెరుకు పండే నేల మీద నడుస్తూ ఒక గ్లాసు చక్కెర కోసం బడిపంతులు చెయ్యి చాపాల్సి రావడం ఎవరి అభివృద్ధి కోసం?

మరునాడు ఆ పిల్ల పట్టు అంచు లంగా వేసుకొని వచ్చింది. తలకు నూనె పెట్టి, ఉన్న కాస్త జుట్టునే దువ్వి, తల్లి కనకాంబరాలు పెట్టింది. ఫొటో తీస్తారని చెప్పి పంపింది నేనే కదా, ఆ తల్లి తన బిడ్డను ఫొటోకు తగినట్టు తయారు చేసింది. అధికారి చూసి మొహం చిట్లించాడు.

“ఇదేంటండీ, పెళ్లికి వచ్చినట్టు! మార్పించండి.”

నేను మార్పించాను. ఆ పిల్లను లోపలి గదిలోకి తీసుకుపోయి, లంగా విప్పి, ఇంకో పిల్ల మాసిన గౌను, భుజం దగ్గర చిరిగినది, తొడిగాను. పూలు తీసేశాను. పిల్ల ఎందుకని అడగలేదు. ఆ లంగాను జాగ్రత్తగా మడతపెట్టమని మాత్రం అడిగింది.

వచ్చిన పెద్దమనిషి పొడుగ్గా, ఎర్రగా, మర్యాదగా ఉన్నాడు. చెడ్డవాడని అనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. పిల్లల పక్కన నేల మీద కూర్చొని ఉప్మా తిన్నాడు. ఆ పిల్ల చేతికి పాల గ్లాసు ఇచ్చి, కెమెరా ఉన్నతనికి సైగ చేశాడు. అప్పుడే వాకిట్లో గొడవ వినిపించింది. పిల్ల తండ్రి వచ్చాడు. బిడ్డను చూశాడు, ఒంటి మీద గౌను చూశాడు, నన్ను చూశాడు.

“ఇది ఎవలి గౌను?”

అతను అరవలేదు. ఆ తెల్లదొరకు ఎదురుగా వచ్చి నిలబడి, నా వైపు తిరిగాడు.

“నేను చెప్పేది ఆయినకు ఇంగ్లీషుల చెప్పుండ్రి పంతులమ్మా. నా బిడ్డ బక్కగున్నది తట్టు వోసి లేసింది కాబట్టి. తిండి లేక కాదు. నా ఇంట్ల గుమ్మి నిండ జొన్నలున్నయి. గంజ్‌కు తీస్కపోతె కొనేటోడు లేడు. ఎందుకు లేడు? ఆయిన పంపిన గింజలు కంట్రోల్‌ల అగ్గువకు ఇస్తున్నరు గన్క లేడు. ఆయిన మనసు మంచిదే గావచ్చు. నేను కాదంటలేను. నిజంగ మా పిల్లల మీద ప్రేమ, పావురం ఉంటె, గా ఓడ కిరాయి పైసలతోని ఈడనే జొన్నలు కొని పెట్టుమనుండ్రి. పిల్లలూ తింటరు, నేనూ బత్కుత. గిట్ల పంపితె పిల్లలు గీ రెండేండ్లు తింటరు, నేను ఇత్తనం ఏసుడు బంద్ జేస్త. రేపు ఆయిన పంపుడు బంద్ జేస్తె మేం ఏం దినాలె? గది అడుగుండ్రి.”

ఆ పెద్దమనిషి నవ్వు మొహంతో, ఏమంటున్నాడని నన్ను అడిగాడు. అధికారి నా పక్కనే ఉన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నా వైపు చూశాడు, అంతే.

“తన బిడ్డకు పాలు ఇస్తున్నందుకు మీకు చాలా కృతజ్ఞతలు చెబుతున్నాడు” అన్నాను ఇంగ్లీషులో.

ఆ పెద్దమనిషి మొహం వెలిగిపోయింది. ముందుకు వచ్చి రైతు చెయ్యి పట్టుకొని ఊపాడు. కెమెరా టక్కుమంది. రైతు తన చేతిని, ఆ చేతిని, నన్ను చూసి, మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. బిడ్డను ఎత్తుకొని, “లంగా ఇయ్యుండ్రి” అన్నాడు. ఇచ్చాను. మా వాకిట్లోనే బిడ్డకు గౌను విప్పి, లంగా తొడిగి, తీసుకుపోయాడు. ఆ పిల్ల మళ్లీ మా బడికి రాలేదు.

ఆ తర్వాత చాయ్ ఇచ్చాం. పెద్దమనిషి కప్పు అందుకొని, తాను చాయ్‌లో చక్కెర వేసుకోనన్నాడు. పెద్దసారు అలాగే చక్కెర గ్లాసు పట్టుకొని నిలబడ్డారు.

ఆ తర్వాతి రెండేళ్లలో పైభాగంలో జొన్న సగమైంది. ఎవరూ ఇంటికొచ్చి ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరూ ఆజ్ఞ వేయలేదు. పండించి ఏం లాభమని ఒక్కొక్కరూ మానేశారు. కొందరు నువ్వులు వేశారు, కొందరు చెలకను దున్నకుండా పడావు పెట్టారు. ఆ జొన్న రైతు ఎడ్లను అమ్మి, చెలకను అన్న చేతిలో పెట్టి, భార్యాబిడ్డలతో నిజామాబాద్ పోయాడని విన్నాను. వినగానే నాకు ఉపశమనంగా అనిపించింది. రోజూ బడికి పోయే దారిలో అతని ఇంటి ముందు తల దించుకొని నడవాల్సిన పని తప్పింది. ఎంత నీచమైన ఉపశమనమో అది.

అప్పుడు కరువు వచ్చింది. వరసగా రెండేళ్లు వానలు లేవు. చెలకలో ఏమీ లేదు, గుమ్ముల్లో ఏమీ లేదు, ఊరంతా కంట్రోల్ దుకాణం ముందు నిలబడింది. సరిగ్గా అప్పుడే ఓడలు ఆలస్యమయ్యాయి. పెద్దసారు రేడియో దగ్గర చెవి పెట్టి కూర్చునేవారు. మన ప్రభుత్వం ఏదో యుద్ధం గురించి అన్న మాట అమెరికాలో పెద్దలకు నచ్చలేదని, అందుకే గోధుమలు నెలకింత అని కొలిచి వదులుతున్నారని ఆయన చెప్పారు. మా బడిలో పదిహేను రోజులు పొయ్యి వెలగలేదు. పిల్లలు పదకొండు గంటల నుంచే వంట షెడ్డు వైపు చూసేవాళ్లు. ఏ యుద్ధమో ఎక్కడుందో తెలియని ఏడేళ్ల పిల్లల అన్నం, వాళ్లు ఎన్నడూ అనని ఒక మాట కోసం ఆగిపోయింది. దానం అనే మాట అప్పటి నుంచి నా నోటికి రాదు.

ఆ సెలవుల్లో నిజామాబాద్ పోయాను. బస్సు దిగి స్టేషన్ పక్కగా ఇంటికి నడుస్తుంటే గూడ్స్ షెడ్ దగ్గర లారీల వరుస. రైలు డబ్బాల్లోంచి హమాలీలు సంచులు దించుతున్నారు. సంచుల మీద అవే కలిసిన చేతులు. వీపు మీద సంచితో చెక్క పలక మీదుగా దిగుతున్న ఆ జొన్న రైతును గుర్తుపట్టి ఆగిపోయాను. అతను సంచి దించి, తువ్వాలతో మొహం తుడుచుకొని, నన్ను చూశాడు.

“పంతులమ్మా, బాగున్నరా?”

బిడ్డ ఎట్లా ఉందని అడిగాను.

“మంచిగున్నది. ఈడనే బడికి పోతున్నది. ఇప్పుడు బక్కగ లేదు.”

చిరిగిన సంచి నుంచి రాలిన గింజలు నేల మీద ఉన్నాయి. చారెడు తీసి చూపించాడు. ఎర్రజొన్నలు.

“సూడుండ్రి. ఆల్ల దేశంల ఇది గొడ్లకు ఏస్తరంట, ఆఫీసుల క్లర్కు చెప్పిండు. నేను పచ్చజొన్న పండించేటోన్ని. ఇప్పుడు గిది మోస్తున్న. గిదే తింటున్న.”

అతని గొంతులో దయ కోరుకునే ధ్వని లేదు. రోడ్డు మీదే, లారీల మధ్యలో నిలబడి, ఆ రోజు ఏం జరిగిందో చెప్పాను. నీ మాటను నేను చెప్పలేదు, కృతజ్ఞతలంటున్నావని చెప్పాను, భయపడ్డాను అన్నాను.

అతను నవ్వాడు. “నాకు గప్పుడే సమజైంది పంతులమ్మా. నేను గంతసేపు మాట్లాడితె మీరు రెండు ముక్కలల్ల ఖతం జేసిండ్రు. నా మాట గంత చిన్నగ లేదు గదా.”

“మరి ఎందుకు ఊకున్నవు?”

“మీ మొహం జూసిన. మీది గూడ పొట్టకూటి కొలువే గదా అనుకున్న. గౌను మార్చింది మాత్రం మనసుల నుంచి పోతలేదు. గది మీరు జేయకుండ ఉండాల్సుండె.”

మేస్త్రీ కేక వేశాడు. అతను వీపు వంచి మళ్లీ డబ్బాలోకి పోయాడు. నేను ఇంటికి పోయి, మా బాపు మిషన్ దగ్గర కూర్చొని ఏడ్చాను. ఏమైందని బాపు అడిగితే ఎండ అన్నాను.

మరుసటి ఏడాది బోధన్‌లో టీచర్లకు ఒక మీటింగ్ పెట్టారు. భోజన పథకం ఎంత బాగా నడుస్తోందో చెప్పడానికి అమెరికా నుంచి ఈసారి ఒక పెద్దావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, మామూలు బట్టలు. తమది పల్లెటూరేనని, రైతు కుటుంబమని చెప్పుకుంది. మా సమితి అధికారే పక్కన కూర్చున్నాడు. చివర ఆమె, ఇబ్బందులేమైనా ఉంటే చెప్పండి, మొహమాటపడొద్దు అంది. అందరం ఇబ్బందులతోనే వచ్చాం, అందరం నోరు మూసుకొని కూర్చున్నాం.

నేను లేచాను. “నాలుగేళ్ల కింద ఒక రైతు ఒక మాట చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను” అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. తట్టు సంగతి, గుమ్మి సంగతి, గంజ్ సంగతి, ఓడ కిరాయి సంగతి, విత్తనం సంగతి, అతను చెప్పిన వరసలోనే చెప్పాను. గౌను సంగతి కూడా చెప్పాను. అధికారి మధ్యలో లేచి, ఈవిడకు ఒంట్లో బాగాలేదనబోయాడు. ఆ పెద్దావిడ చెయ్యెత్తి ఆయన్ను ఆపింది.

నేను ముగించాక ఆమె కాసేపు కాగితాలు సర్దుకుంది. తర్వాత చాలా మెల్లగా అంది: “మా ఊళ్లో కూడా ధాన్యం కొట్లు నిండి ఉన్నాయమ్మా. కొనేవాళ్లు లేక మా రైతులు గోల పెట్టారు. అందుకని మా ప్రభుత్వం కొంటోంది. కొన్నదాన్ని ఎక్కడో ఒకచోటికి పంపాలి కదా. అదే మీకు వస్తోంది. నువ్వు చెప్పిన రైతు, సేద్యం చేసే మా అన్న, ఇద్దరి బాధా ఒకటే.”

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆమె అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. ఇన్నేళ్లూ మేం వరుసలో కూర్చోబెట్టిన పిల్లలు, మార్పించిన గౌన్లు, పాడిన స్వాగత గీతాలు, వాళ్ల రైతు గోదాము ఖాళీ కావడానికన్న మాట! ఆకలిగా ఉన్నామని వాళ్లు అనుకున్నంతవరకే మేం వాళ్లకు అవసరం.

ఆమె ఏదో రాసుకుంది. ఆ కాగితం ఏమైందో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, నెల తిరగకుండా నా చేతికి మోర్తాడ్‌కు బదిలీ కాగితం వచ్చింది. పెద్దసారు దాన్ని ఇస్తూ, “నేను గూడ లేస్తుంటి బేటీ, నాకు ఇంగ్లీష్ రాదు” అన్నారు. పక్కకు తిరిగి కళ్లజోడు సర్దుకున్నారు. ఆయనకు ఇంగ్లీషు రావాల్సిన అవసరం లేదు, ఉర్దూలో లేచినా చాలు. అయినా ఆ మాట ఆయనతో అనలేదు. నేను లేవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

మోర్తాడ్ పోయే ముందు గూడ్స్ షెడ్‌కు వెళ్లాను. ఆ రైతు మధ్యాహ్నం సద్ది తింటున్నాడు. పక్కన కూర్చొని అంతా చెప్పాను. ఆ పెద్దావిడ అన్న మాట చెప్పినప్పుడు అతను తినడం ఆపాడు.

“ఆల్ల రైతు జొన్నలు గూడ అమ్ముడువోలే?”

“అమ్ముడుపోలేదట.”

“మరి ఆల్ల సర్కారు కొన్నదా?”

“కొన్నదట.”

అప్పటిదాకా నేను అతని గొంతు పెద్దదవడం వినలేదు. “గదీ సంగతి! ఆల్ల సర్కారు ఆల్ల రైతును కాపాడుకున్నది. నేను గా దొరను ఎందుకు తిడుదు? ఆయిన తన ఇల్లు సక్కబెట్టుకున్నడు. మన సర్కారుకు ఏం రోగమొచ్చింది? గంజ్‌ల మూడు దినాలు నా బండి నిలవడ్డది గదా, ఎవ్వడన్న వచ్చి నీ జొన్నలు మేం తీస్కుంటం అన్నడా? బయటోడు పెడ్తుంటె తినుడు అల్కగున్నది. ఇంటోన్ని అడుగుడు కష్టమైంది. చక్కెర పంపుడు తెలుసు, జొన్నలు తెచ్చుడు తెలుసు. నడుమ మేమున్నమని ఎర్కలేదా?”

చుట్టూ హమాలీలు తినడం మానేసి చూశారు. వాళ్లలో చాలామంది చెలకలు వదిలి వచ్చినవాళ్లే. ఒకరిద్దరు అవునన్నట్టు తలాడించారు. ఇంతకంటే సరిగ్గా ఆ సంగతి చెప్పిన మనిషిని నేను తర్వాత ఏ సభలోనూ చూడలేదు.

వానలు మళ్లీ పడ్డాక అతను ఊరికి తిరిగిపోయాడు. అన్న చేతిలోని చెలకలో ఒక ముక్క తీసుకొని, ఇంటి తిండికి మాత్రమే జొన్న వేశాడు. ఎడ్లు లేవు కాబట్టి మిగిలిన రోజులు కాలువ కింద చెరుకు నరికే కూలికి పోయాడు. అతని బిడ్డ ఏడో తరగతితో చదువు ఆపిందని, పెళ్లయి ధర్పల్లి వైపు పోయిందని చాలా కాలం తర్వాత పెద్దసారు రాసిన ఉత్తరంలో చదివాను. నేను ఆ పిల్లను క్షమించమని ఎప్పుడూ అడగలేదు. ఏ మొహంతో అడగాలి?

మోర్తాడ్‌లో పసుపు పంట. అక్కడ కూడా బడిలో ఉప్మా ఉండేది. డెబ్బై దాటాక ఒక జూన్‌లో బడి తెరిచేసరికి రవ్వ రాలేదు. నూనె రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు, ఇక రాదని కూడా చెప్పలేదు. అడిగితే పైనుంచి రాలేదన్నారు. మధ్యాహ్నం పిల్లలు పళ్లేలతో వరుసలో కూర్చున్నారు. అరగంట చూసి, ఇళ్లకు పొమ్మని నేనే చెప్పాను.

ఇక్కడి రైతుల దగ్గర జొన్నలు, మక్కలు కొని వండనివ్వమని సమితికి రాశాను. అలాంటి ఏర్పాటు లేదని ఒక్క లైను జవాబు వచ్చింది. మళ్లీ రాశాను. ఆ ఏడాదంతా నెలనెలా రాశాను. నా ఉత్తరాలు చూసి ఆఫీసులో నవ్వుకుంటారని ఒక గుమాస్తా చెప్పాడు. నవ్వుకోనీ అన్నాను.

తల్లులను పిలిచి అడిగాను. మొదట ముగ్గురు ముందుకొచ్చారు, తర్వాత పదిహేను మంది. ఇంటికి దోసెడు జొన్నలు తెచ్చి, విసిరి, బడి పొయ్యి మీద గటక వండారు. ఒకామె మజ్జిగ పోసేది. మూడు వారాలు నడిచింది. తర్వాత పసుపు చేలల్లో కలుపుల పని మొదలైంది. తల్లులు తెల్లారకముందే చేలకు పోవాలి, వండేవాళ్లు లేరు. నేనొక్కదాన్నే నాలుగు రోజులు వండాను. ఐదో రోజు తనిఖీకి వచ్చిన సారు, బడి వేళలో వంట చేస్తున్నానని నా మీద రిపోర్టు రాసుకుపోయాడు. ఆరో రోజు పొయ్యి వెలిగించలేదు, సమితికి ఆ నెల ఉత్తరం మాత్రం రాశాను.